లీకు వెతికిన కూలి

మార్చి దాటితే విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ షెడ్ల ముందు కార్లు బారులు తీరతాయి. దిగినవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే మాట: "గ్యాస్ కొట్టడానికి ఎంత?" ఆ ప్రశ్నతో మొదలుపెట్టినవాళ్లే చివరికి ఎక్కువ డబ్బు పోగొట్టుకుంటారని నా నమ్మకం. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. బిగించిన పైపుల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ఎక్కడ కారుతోందని అడగకుండా ఎంతవుతుందని అడుగుతున్నాం.

కింద మాట్లాడుకుంటున్న ఇద్దరూ మేనమామ, మేనల్లుడు. మామయ్య బ్యాంకులో చేసి రిటైరయ్యారు. ఆయన దగ్గర 1993 మోడల్ కాంటెస్సా ఉంది. దాని ఏసీ ఆర్ 12 అనే పాత గ్యాస్ కోసం చేసింది. మేనల్లుడిది ఆటోనగర్‌లో కారు ఏసీ షెడ్డు. పాత ఏసీని ఇప్పటి ఆర్ 134ఏ గ్యాస్‌కి మార్చడానికి అతను 38,000 రూపాయల ఎస్టిమేట్ రాసిచ్చాడు. కొత్త కంప్రెసర్ 17,000. కొత్త కండెన్సర్, దానికో అదనపు ఫ్యాను కలిపి 9,000. డ్రయర్ బాటిల్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, ఓ రింగులు, రెండు హోస్ పైపులు, ఫ్లషింగ్, ఆయిల్, గ్యాస్ అన్నీ కలిపి 11,000. లీకు వెతకడానికి 1,000. గొడవ ఆ కాగితం దగ్గరే మొదలైంది.

మామయ్య: ముప్పై ఎనిమిది వేలా! ఒరేయ్, ఈ బండి అమ్మితే లక్షన్నర వస్తే గొప్ప. అందులో నాలుగో వంతు ఏసీకే పోయాలా? నెలకి రెండొందల కిలోమీటర్లు కూడా తిరగను నేను.

మేనల్లుడు: అమ్మే ఉద్దేశం ఉంటే ఏసీ జోలికి పోవద్దని నేనే చెప్పేవాణ్ని. మీరు అమ్మరు మామయ్యా. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 కాస్తా 5,000 అయింది. మారుమాట లేకుండా కట్టొచ్చారు. అమ్మని బండికి మార్కెట్ రేటుతో లెక్క దేనికి?

మామయ్య: అది కట్టకపోతే బండి రోడ్డెక్కదు. ఏసీ లేకపోయినా అద్దాలు దించుకుని పోవచ్చు. నాకు కావాల్సింది ఒక్కటే. గ్యాస్ కొట్టి పంపు. నిరుడు ఒకతను రెండున్నర వేలు తీసుకుని కొట్టాడు, వేసవంతా చల్లగానే ఉంది. నీ ముప్పై ఎనిమిది వేలతో పదిహేనేళ్లు కొట్టించుకోవచ్చు. అప్పటికి నేనుంటానా, బండుంటుందా?

మేనల్లుడు: ఏం గ్యాస్ కొట్టాడో అడిగారా?

మామయ్య: పాతదేనన్నాడు. ఆర్ 12.

మేనల్లుడు: మన దేశంలో ఆర్ 12 తయారీ 2008 ఆగస్టులో ఆపేశారు. ఆస్తమావాళ్ల ఇన్‌హేలర్ల కోసం మాత్రం కొన్నాళ్లు మినహాయింపు ఇచ్చారు. కొత్తగా చేసే ఏసీల్లో వాడకూడదని 2003 జనవరి ఒకటి నుంచే నిబంధన ఉంది. ఇన్నేళ్ల తర్వాత రెండున్నర వేలకి మీకెవరు పోస్తారు? ఇందాక మీ బండి పోర్టు దగ్గర డిటెక్టర్ పెడితే కూసింది. అందులో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ కలిపిన గ్యాస్. వంటింటి సిలిండర్‌లో ఉండే జాతి.

మామయ్య: అయితే ఏమైంది? చల్లబరిచింది కదా. మా ఇంట్లో కొత్త ఫ్రిజ్ మీద ఆర్ 600ఏ అని రాసుంది. అదీ మండే గ్యాసేనని మా మనవడే చెప్పాడు. ఆస్ట్రేలియాలో కార్లలో కూడా వాడతారట. ఇక్కడికొచ్చేసరికి ప్రమాదం అయిపోయిందా?

మేనల్లుడు: చల్లబరచదని నేననలేదు. నిజానికి బాగా చల్లబరుస్తుంది. కానీ ఫ్రిజ్‌లో ఉండేది యాభై గ్రాములు, అటూ ఇటూగా. ఫ్యాక్టరీలో అతుకు పెట్టి మూసేస్తారు, జీవితకాలం కదలదు. కారు ఏసీ రబ్బరు పైపులతో, ఊగే ఇంజను మీద, గుంతల రోడ్డు మీద బతుకుతుంది. కూలింగ్ కాయిల్ ఉండేది మీ మోకాళ్ల ముందు, డాష్‌బోర్డు లోపల. అది కారితే గ్యాస్ అద్దాలు మూసిన క్యాబిన్‌లోకే వస్తుంది. పక్కనే బ్లోయర్ మోటారు, స్విచ్చులు. అమెరికాలో ఆర్ 12 కార్లలో ఇలా మండే గ్యాస్ పోయడాన్ని వాళ్ల పర్యావరణ సంస్థ ఒప్పుకోదు.

మామయ్య: వెనకాల ట్యాంకు నిండా పెట్రోలు పెట్టుకుని తిరుగుతున్నాం, దానికి లేని భయం దీనికెందుకు?

మేనల్లుడు: ట్యాంకు సీటు వెనక ఉంటుంది, డాష్‌బోర్డులో కాదు. పైగా పెట్రోలు కారితే ముక్కుకి తెలుస్తుంది. దీనికి వాసన కలపకపోతే తెలియదు. ఇంకోటి వినండి. గ్యాస్ పేరు ఒకటి, సిలిండర్‌లో సరుకు ఒకటి అయితే ఏమవుతుందో 2011లో చూశాం. ఓడల్లో పోయే చల్లటి కంటైనర్లలో ఆర్ 134ఏ పేరుతో నకిలీ గ్యాస్ పోశారు. అందులో మిథైల్ క్లోరైడ్ కలిసింది. అది కంప్రెసర్‌లోని అల్యూమినియంతో కలిసి గాలి తగిలితే చాలు మండే పదార్థంగా మారింది. వియత్నాంలో, బ్రెజిల్‌లో పేలి రిపేరు చేసేవాళ్లు చనిపోయారు. మాలాంటివాళ్లే. అందుకే ఏం పోశారో తెలియని బండి మీద పై నుంచి గ్యాస్ కొట్టను. అది నా పట్టుదల అనుకోండి.

ఇక్కడ మేనల్లుడి పక్షాన ఒక మాట చేర్చాలి. చౌక గ్యాస్‌లో ప్రమాదం కొనేవాడికంటే కొట్టేవాడికి ఎక్కువ. వేసవిలో రోజంతా ఆ గ్యాస్ మధ్యే నిలబడేది అతను. ఖర్చు గురించి మాట్లాడుకునేటప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తురాదు.

మామయ్య: సరే, గ్యాస్ మార్చాల్సిందే అనుకో. ఉన్నది తీసేసి 134ఏ కొట్టు. ఈ కంప్రెసర్, డ్రయర్, ఆయిల్, రింగులు, ఇవన్నీ ఎందుకు? గ్యాస్ ఏదైతేనేం, చల్లబడటమే కదా పని.

మేనల్లుడు: గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా తిరుగుతుంది మామయ్యా. కంప్రెసర్‌కి దాని సొంత ఆయిల్ పంపు అంటూ ఉండదు. గ్యాస్ మోసుకొచ్చే ఆయిలే దానికి ప్రాణం. పాత ఏసీలో మినరల్ ఆయిల్ ఉంటుంది, అది ఆర్ 12లో కలుస్తుంది. 134ఏలో కలవదు. ఎక్కడో కాయిల్ అడుగున చేరి అక్కడే ఉండిపోతుంది. కంప్రెసర్ పొడిగా తిరిగి ఒక వేసవిలో పట్టేస్తుంది. అందుకే పాత ఆయిల్ కడిగేసి ఎస్టర్ ఆయిల్ పోయాలి. కొత్త కార్లలో పోసే పీఏజీ ఆయిల్ కూడా దీనికి మంచిది కాదు, పాత గ్యాస్ వదిలిన క్లోరిన్ ఏ మూలనున్నా అది పాడవుతుంది. డ్రయర్ బాటిల్‌లో తేమ పీల్చే గింజలుంటాయి, ఆ పాత రకం 134ఏకి పనికిరాదు. గ్యాస్ ఎక్కించే పోర్టు మూతి కూడా వేరే సైజు. ఒకటి మార్చి ఒకటి వదిలేస్తే మొత్తం పోతుంది.

మామయ్య: కంప్రెసర్ పోయిందని ఎలా చెప్తున్నావు? తిరుగుతూనే ఉందిగా.

మేనల్లుడు: చూడండి.

అతను లోపల మిగిలిన కాస్త గ్యాస్‌నీ షెడ్డు బయట, మంటకీ మనుషులకీ దూరంగా వదిలేసి, కంప్రెసర్ సక్షన్ వైపు హోస్ విప్పి, పైపు మూతి వంచి, బిల్లుల పుస్తకంలోంచి చించిన తెల్ల కాగితం మీద నాలుగు చుక్కలు రాల్చాడు. నూనె తేనె రంగులో ఉండాలట. ఇది కాలిన ఇంజన్ ఆయిల్‌లా నల్లగా ఉంది. కాగితం ఎండలోకి తెచ్చి పక్కకు వంచితే నూనె జారిపోయి, జారిన దారిలో సన్నటి పొడి మిగిలింది. వేలితో రాస్తే గరుకు తెలియలేదు కానీ వెలుగు పడ్డప్పుడు తళుక్కుమంది. మామయ్య కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

మేనల్లుడు: అల్యూమినియం. కంప్రెసర్ లోపల అరిగి రాలుతోంది. గ్యాస్ తక్కువున్నప్పుడు ఆయిల్ తిరిగి రాదు, ఏటా తగ్గిన గ్యాస్‌తో నెలల తరబడి నడిపితే ఇదే జరుగుతుంది. మీ రెండున్నర వేల లెక్కలో ఈ పదిహేడు వేలు రాయలేదు మీరు.

మామయ్య: రాయలేదు. ఒప్పుకుంటా. కానీ రీకండిషన్ కంప్రెసర్ ఏడు వేలకి దొరుకుతుందిగా?

మేనల్లుడు: దొరుకుతుంది. షాఫ్ట్ సీలు ఎన్నేళ్లదో, లోపల ఏం మార్చారో నాకు తెలియదు. మీరు తెచ్చుకుంటే బిగిస్తాను, గ్యారంటీ ఇవ్వను.

మామయ్య: ఇంకా కండెన్సర్ ఉంది. అది బాగానే ఉందిగా, చిల్లు కూడా లేదు. తొమ్మిది వేలు దేనికి?

మేనల్లుడు: 134ఏకి ఒత్తిడి ఎక్కువ. కండెన్సర్‌లో వేడి అరవై డిగ్రీలుంటే ఆర్ 12 కంటే దాదాపు పదో వంతు ఎక్కువ ఒత్తిడి వస్తుంది. మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగితే పాత కండెన్సర్ ఆ వేడి బయటికి తోయలేదు. అప్పుడు చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది.

మామయ్య: నేను మే నెల మధ్యాహ్నం బెంజి సర్కిల్ వైపే వెళ్లనురా. పొద్దున ఏడింటికి గుడికి, సాయంత్రం ఆరు దాటాక కృష్ణలంకలో మీ పెద్దమ్మ ఇంటికి. అంతే. ఇంకొకటి చెప్పు. కంప్రెసర్ పొడి రాల్చిందన్నావు, ఆ పొడి కండెన్సర్‌లో కూడా చేరి ఉంటుంది. పాతది కడిగితే శుభ్రపడుతుందా, కొత్తది వేస్తే రేపెప్పుడైనా మళ్లీ ఇదే వస్తే దాన్ని కడగొచ్చా?

మేనల్లుడు: మంచి ప్రశ్న అడిగారు. కొత్త రకంలో వెంట్రుక సందుల్లాంటి గొట్టాలు పక్కపక్కనే ఉంటాయి. పొడి చేరిందంటే కడగలేం, తీసి పారేయాలి. మీ పాతది ఒకే లావు గొట్టం మెలికలు తిరిగింది. ఫ్లష్ కొడితే శుభ్రపడుతుంది.

మామయ్య: మరి పాతదే ఉంచి ముందొక ఫ్యాను పెట్టు.

మేనల్లుడు: పెట్టొచ్చు. ఫ్యానుకి రెండు వేలు. ఏడు వేలు తగ్గుతుంది, ముప్పై ఒకటి. కానీ నడి మధ్యాహ్నం వేసుకుని తిరిగితే మాత్రం నన్ను అనొద్దు.

మామయ్య బేరమాడారని దీన్ని కొట్టిపారేయడానికి లేదు. ఆ బండి ఏ వేళ, ఏ రోడ్డులో తిరుగుతుందో ఆయనకే తెలుసు. మేనల్లుడు రాసిన ఎస్టిమేట్ మే నెల మధ్యాహ్నానికి రాసింది, ఆయన అవసరం వేరు. మెకానిక్ ముందే ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే కండెన్సర్ ఆ కాగితం ఎక్కేదే కాదు.

మామయ్య: అసలు మాట ఇప్పుడు అడుగుతా. ఓజోన్ పొరకి చిల్లు పడుతోందని ఆర్ 12 ఆపారు. బాగుంది. మోలినా, రోలండ్ అని ఇద్దరు 1974లో చెప్పారు, 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం రాసుకున్నారు, మనం 1992లో చేరాం. బ్యాంకులో ఉన్నప్పుడు పేపర్లో చదివాను ఇవన్నీ. ఇప్పుడు మీ 134ఏ కూడా భూమిని వేడెక్కిస్తుందని 2016లో కిగాలిలో ఇంకో ఒప్పందం. దాన్నీ మన దేశం 2021లో ఒప్పుకుంది. అంటే ఇవాళ ముప్పై వేలు పోసి నేను మారేది, రేపు పోయే గ్యాస్‌కే కదా? ఒక్కసారి మోసపోయాను. రెండోసారి కూడా తెలిసి తెలిసి పోవాలా?

మేనల్లుడు: మీరు చెప్పింది నిజమే. 134ఏ శాశ్వతం కాదు. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లలో దాన్ని పెట్టనివ్వడం లేదు, 1234వైఎఫ్ అనేది వాడుతున్నారు. కానీ మనకి లెక్క వేరేగా ఉంది. వాడకం పెరగకుండా ఆపేది 2028 నుంచి, తగ్గించడం మొదలయ్యేది 2032 నుంచి, 85 శాతం తగ్గేసరికి 2047. ఈ బండి ఉన్నన్నాళ్లు ఈ గ్యాస్ దొరుకుతుంది. 1234వైఎఫ్ పెడదామంటే ధర ఎన్నో రెట్లు, అదీ కొద్దిగా మండే రకమే. పాత బండికి పెట్టమని నేను చెప్పను.

మామయ్య: మరి భూమి సంగతి? నాలాంటి ముసలి కారు ఒక్కదానివల్ల ఏం వేడెక్కుతుంది? లోకంలో ఎన్ని ఫ్యాక్టరీలున్నాయి!

మేనల్లుడు: ఒక్క బండి లెక్కే చెప్తాను, వినండి. 134ఏ కిలో గాలిలో కలిస్తే 1,300 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి. మీ బండికి ఎనిమిది వందల గ్రాములు పడుతుంది. ఒకసారి మొత్తం కారిపోతే టన్ను దాటింది. లీటరు పెట్రోలు కాలిస్తే రెండు కిలోల మూడొందల గ్రాములు వస్తుంది. అంటే నాలుగొందల యాభై లీటర్ల పెట్రోలు. మీ కాంటెస్సా లీటరుకి పది కిలోమీటర్లు ఇచ్చిందనుకుంటే నాలుగున్నర వేల కిలోమీటర్లు. ఏడాదిన్నర తిరిగినా మీరు అంత తిరగరు. ఆర్ 12 అయితే ఇంకా ఏడెనిమిది రెట్లు. మీరు కారు నడిపి చేసే చేటు తక్కువ. ఏటా ఇలాంటి గ్యాస్ కొట్టించి కార్చితే ఆ చేటే ఎక్కువ.

ఆ లెక్క విని మామయ్య కాసేపు మాట్లాడలేదు. నేనూ మనసులో మళ్లీ వేసి చూసుకున్నాను, తప్పు లేదు. మన దగ్గర పాత కార్ల గురించి మాట్లాడితే పొగ గురించే మాట్లాడతాం. కారిపోయే గ్యాస్‌కి రంగు లేదు, ఎక్కువసార్లు వాసనా లేదు, దానికి పొల్యూషన్ సర్టిఫికెట్ అడిగేవాడూ లేడు.

మామయ్య: ఇంత తెలిసినవాళ్లు మీరు, లీకు ఎక్కడుందో చూపించకుండా పార్టులెందుకు అమ్ముతారు? నిరుడు గ్యాస్ కొట్టినతనే కూలింగ్ కాయిల్ పోయింది, డాష్‌బోర్డు దించాలి, పన్నెండు వేలన్నాడు. చూపించమంటే, చూస్తే తెలిసిపోతుంది సార్ అన్నాడు. అంతకుముందు ఇంకో చోట డ్రయర్ మార్చారు, అయినా గ్యాస్ నిలవలేదు. మీ మాట మీద మాకు నమ్మకం ఎక్కడి నుంచి రావాలి?

మేనల్లుడు: ఒప్పుకుంటాను. మాలో చాలామంది చూపించరు. ఎందుకో కూడా చెప్పనా? లీకు వెతకాలంటే నైట్రోజన్ ఎక్కించి, ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పూసి, టార్చి వేసి చూడాలి. అక్కడ దొరక్కపోతే వ్యాక్యూమ్ పెట్టి గేజు ముల్లు కదులుతుందో లేదో గంటసేపు కనిపెట్టుకోవాలి. సగం పూట పోతుంది. ఆ పనికి వెయ్యి అడిగితే, "చూసినందుకు కూడా డబ్బులా?" అంటారు. గ్యాస్ కొడితే రెండున్నర వేలు నోరెత్తకుండా ఇస్తారు. కాయిల్ మార్చితే పన్నెండు వేలిస్తారు. వస్తువు చేతికొస్తేనే డబ్బిస్తారు మీరు, పని చూసి ఇవ్వరు. ఇక మాలో చేతకానివాడు ఏం చేస్తాడు? వెతకడం మానేసి, వస్తువు అమ్ముతాడు.

మామయ్య: అంటే తప్పు మాదేనంటావు.

మేనల్లుడు: సగం మాది. మీరు అడగలేదని మేం చూపించడం మానేశాం. ఎస్టిమేట్‌లో ఆ వెయ్యి విడిగా రాశాను, చూశారా? వేరే షెడ్డులో అయితే ఆ వెయ్యీ గ్యాస్ రేటులో కలిపేసేవాళ్లు. మీకు కనపడదు, కానీ మీరే కడతారు.

ఇద్దరి ఫిర్యాదూ ఒకటేనని నాకు అప్పుడు తట్టింది. ఒకాయన చూపించలేదంటాడు, ఇంకొకతను చూడటానికి కూలి ఇవ్వలేదంటాడు. కారు ఏసీ రిపేరులో అన్నిటికంటే చౌకైన పని లీకు వెతకడం. దాన్ని మనం ఉచితంగా అడుగుతున్నాం, అందుకే అది జరగడం లేదు. జరగనందుకు కంప్రెసర్ రూపంలోనో కాయిల్ రూపంలోనో పదింతలు కడుతున్నాం. ఎవరైనా నన్నడిగితే, ఏసీ షెడ్డుకి వెళ్లగానే గ్యాస్ రేటు కాదు, లీకు టెస్టుకి ఎంతో అడగమంటాను. ఆ రేటు చెప్పలేనివాడి దగ్గర బండి వదలొద్దంటాను.

మామయ్య: సరే, ఆ వెయ్యి ఇప్పుడే ఇస్తా. నా కళ్ల ముందు వెతుకు. కాయిల్ పోయిందని తేలితే మాత్రం బండి అలాగే తోలుకుపోతా.

హోస్ మళ్లీ బిగించి, నైట్రోజన్ సిలిండర్ తగిలించారు. గేజు నూట యాభై దగ్గర నిలిచింది. షెడ్డు కుర్రాడు బకెట్‌లో సబ్బు నురగ కలిపి, చిన్న బ్రష్‌తో ఒక్కో జాయింటుకీ పూస్తూ పోయాడు. కండెన్సర్ దగ్గర ఏమీ లేదు. డ్రయర్ దగ్గర లేదు. కూలింగ్ కాయిల్ పైపులు క్యాబిన్‌లోకి పోయే చోట కూడా నురగ కదలలేదు. బ్లోయర్ తీసి, పైపుల్లో ఇంకా మిగిలిన పాత గ్యాస్ జాడ కోసం లోపలికి డిటెక్టర్ పెట్టారు. అది కూయలేదు. కంప్రెసర్ వెనక నుంచి కండెన్సర్‌కి పోయే లావు హోస్ దగ్గర, రబ్బరుని ఇనప కాలర్‌తో నొక్కిన చోట, ఆవగింజంత బుడగ లేచింది. లేచి, పగిలి, మళ్లీ లేచింది. మామయ్య వంగి చూశారు. కుర్రాడు గుడ్డతో తుడిచి ఇంకోసారి పూశాడు. అక్కడే, అదే చోట మళ్లీ.

మామయ్య: ఇదా! దీనికా డాష్‌బోర్డు దించాలన్నది!

మేనల్లుడు: ఇదే. ఇంజను ఊగినప్పుడల్లా ఈ కాలర్ దగ్గర కారుతోంది. ఈ పాత రబ్బరులో 134ఏ ఎలాగూ నిలవదు, లోపల నైలాన్ పొర ఉన్న హోస్ వేయాలి. అది ఎస్టిమేట్‌లో రాశాను. కాయిల్‌కి ఏమీ చేయక్కర్లేదు, మీ పన్నెండు వేలు మిగిలాయి. కంప్రెసర్ మాత్రం పోయినట్టే. దాంట్లో నా మాట మారదు.

మామయ్య: నా మాటా మారదు. కంప్రెసర్ రీకండిషనే. మిగిలినవన్నీ నువ్వు రాసినట్టే, పాత కండెన్సర్ ఉంచి. మొత్తం ఇరవై ఒక వేలు.

మేనల్లుడు: గ్యారంటీ ఇవ్వనని మళ్లీ చెప్తున్నా. గ్యాస్ మాత్రం గేజు చూసి కాదు, తూకం వేసే ఎక్కిస్తాను. బానెట్ కింద ఆర్ 134ఏ అని, ఎంత పోశానో, ఏ ఆయిలో రాసి స్టిక్కర్ అంటిస్తాను. రేపు ఎవరి దగ్గరికి వెళ్లినా అది చూపించకుండా గ్యాస్ కొట్టనివ్వకండి.

మామయ్య: పాత కంప్రెసర్ నాకివ్వు. కోసి చూడాలి.

మేనల్లుడు: కోసే ఇస్తాను. రీకండిషన్‌ది మీరు కొనే ముందు ఒకసారి నా దగ్గరికి తెండి, షాఫ్ట్ తిప్పి చూస్తాను. దానికి డబ్బులు అక్కర్లేదు.

మామయ్య: ఎందుకక్కర్లేదు? చూసినందుకు ఇవ్వాలన్నావుగా ఇందాక. రాయి అందులో.